పద్మిని బానెట్ ఎత్తే ముందు

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

తాతగారి ప్రీమియర్ పద్మిని కారులో అదే కంపెనీ 118ఎన్‌ఈ కారు ఇంజిన్ దించుతానని నువ్వు ఫోన్లో చెప్పినప్పుడు పక్కనే మీ అత్తయ్య ఉంది. అందుకే నోరు మెదపలేదు, కాగితం మీద పెడుతున్నాను.

కోరిక తప్పు కాదు. పద్మినిది 1089 సీసీ, 118ఎన్‌ఈలోది నిస్సాన్ ఏ12 ఇంజిన్, 1171 సీసీ. పెరిగేది 82 సీసీయే. కానీ పద్మినిలోని ఫియట్ ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్‌ని మోసేవి మూడు మెయిన్ బేరింగులు, నిస్సాన్‌కి ఐదు. హైవే మీద గంటలకొద్దీ తిప్పినా కిక్కురుమనదు. రెండూ వెనక చక్రాలు తిరిగే బళ్లే కాబట్టి పని కుదురుతుంది కూడా. అయితే మన పాలకొల్లు, నరసాపురం వైపు ఎక్కాల్సిన ఘాటు రోడ్డు ఎక్కడుందిరా? ఎత్తు అంటే చించినాడ బ్రిడ్జి. ఇక్కడ బండి లాగడం కాదు, ఆగడం కష్టం.

నా అనుభవం చెబుతాను. మొదటిసారి ఇదే పని చేసినప్పుడు బ్రేకుల జోలికి పోలేదు. పద్మినికి నాలుగూ డ్రమ్ములే. అంతకుముందు రోజు పడ్డ వానకి కాలవ గట్టు మీద నీళ్లు నిలిచాయి. వాటిలోంచి దూసుకొచ్చి, కొత్త ఇంజిన్ కదా అని కాస్త గట్టిగా తొక్కాను. మలుపులో గేదె. బ్రేకు తొక్కితే తడిసిన లైనర్లు పట్టలేదు, బండి ఒక పక్కకి లాగేసింది. తుమ్మచెట్టు అడ్డం పడబట్టి కాలవలోకి పోలేదు. గేదె మాత్రం కదల్లేదు. కాబట్టి ఇంజిన్‌కి అడ్వాన్సు ఇచ్చే ముందే మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, పైపులు, లైనర్లు అన్నీ కొత్తవి వేయించు.

తర్వాత బాడీ. ఈ బండికి లారీలా వేరే ఛాసిస్ లేదు, బాడీయే బలం. మన సముద్రపు గాలికి తుప్పు దాన్ని లోపల్నుంచి తినేస్తుంది. పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకుని డోరు కింది అంచు పొడుగునా, ముందు సీటు కింద పొడుచుకుంటూ వెళ్లు. రంగు నిగనిగలాడుతున్నా ఒక్కోచోట కరకరమని లోపలికి దిగిపోతుంది. అక్కడ పుట్టీ పెట్టకు, రేకు కోసి వెల్డింగ్ చేయించు.

ఇక దించే పని. గేర్‌బాక్స్ ఇంజిన్‌తో పాటే కొను, విడిగా జత చేస్తే క్లచ్ దగ్గర చికాకు. అలా కొంటే స్టీరింగ్ దగ్గరుండే గేరు రాడ్ పోయి కింద ఫ్లోరులోకి వస్తుంది, ఫ్లోరు కోయాలి. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మారుతుంది. లేత్‌లో కోయించి ఊరుకోకు, బ్యాలెన్సింగ్ కూడా చేయించు, లేదంటే అరవై దాటగానే సీటు కింద వణుకు. ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపు ఎక్కడ తగులుతుందో కళ్లతో చూస్తే తెలియదు. చేలోంచి నల్ల బంకమట్టి తెచ్చి, ఇంజిన్ కింద అడ్డంగా ఉండే ముందు క్రాస్‌మెంబర్ మీద నిమ్మకాయంత ముద్దలు పెట్టి, చైన్ బ్లాకుతో ఇంజిన్ నిదానంగా దించి మళ్లీ ఎత్తు. నలిగిన ముద్ద మందం ఎంతో, సందు అంత. బొటనవేలి మందం కూడా లేకపోతే ఫౌండేషన్లు, అదే ఇంజిన్ కూర్చునే దిమ్మలు, మార్చాల్సిందే. ఇంజిన్ ఊగుతుంది కదా.

కోతల రోజుల్లో గడ్డి ట్రాక్టరు వెనక మూడు కిలోమీటర్లు పాకాల్సి వస్తుంది. ఇంజిన్‌తో తిరిగే ఫ్యాన్ ఆ వేగంలో గాలి సరిగా లాగదు, పైగా రేడియేటర్ రెక్కల్లో పరకలు. కరెంటు ఫ్యాన్ పెట్టుకో. పాతకాలపు డైనమో ఉన్న బండయితే ఆ ఫ్యాన్‌కి కరెంటు చాలదు, ఆల్టర్నేటర్ కూడా తప్పదు.

నీకు నచ్చని మాట ఆఖరికి ఉంచాను. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, సీ బుక్కులో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టూ కంపెనీ ఇచ్చిన తీరు మార్చొద్దంది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది, ఇన్‌స్పెక్టరు ఇంజిన్, ఛాసిస్ నంబర్లు చూస్తాడు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లూ అదే చూస్తారు. ముందు ఆర్టీవో ఆఫీసుకెళ్లి కాగితం మీద అడుగు. కాదంటే పాత ఇంజిన్‌కే సిలిండర్లు బోరు కొట్టించి, క్రాంక్ గ్రైండింగ్ చేయిద్దాం. నాకైతే అదే ఇష్టం. ఆ చప్పుడు వింటే మీ తాతగారు సంతకు బయల్దేరినట్టుంటుంది.

ఆదివారం వస్తాను. స్క్రూడ్రైవర్ నేనే తెస్తాను, అప్పటిదాకా ఎవరికీ డబ్బులివ్వకు.

మీ మావయ్య