ఏనుగు చెవి తినేటప్పుడు నవ్వకు

అమ్ములూ,

కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఇల్లు కుదిరిందని, నడిచిపోయేంత దూరంలో అఫ్ఘాన్ బేకరీ ఉందని చెప్పావు, సంతోషం. కానీ ఏం అడగాలో తెలియక నాన్ ఒక్కటి కొనుక్కొచ్చేశానన్నావు చూడు, ప్రాణం ఉసూరుమంది. ఆ ఊళ్లో ఇరవై ఏళ్లున్నదాన్ని, ఇంత చెప్పకపోతే పెద్దమ్మనెట్లా అవుతాను?

ముందు పలకరింపు. కౌంటర్‌లో పెద్దవాళ్లుంటే "సలాం, మాందా నబాషేన్" అను. అలిసిపోకూడదు మీరు అని అర్థం. బదులుగా వాళ్లు "జిందా బాషీ" అంటారు, చల్లగా బతకమని. 1979 చివర్లో సోవియట్ సేనలు వాళ్ల దేశంలోకి దిగాక ఇల్లూవాకిలీ వదిలి వచ్చిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. సెంటర్‌విల్ వైపును లిటిల్ కాబూల్ అనేది అందుకే. వాళ్ల భాషలో నాలుగు మాటలంటే ముఖం విప్పారుతుంది. ఒక కుల్చా, అంటే వాళ్ల బిస్కట్టు, ఊరికే చేతిలో పెడతారు కూడా, అది వేరే లాభం.

అద్దాల వెనక మెరిసే బక్లావా జోలికి మొదటిరోజే పోకు. బాగుండదని కాదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. నువ్వు అడగాల్సింది రోట్. చూడ్డానికి ఏమీ ఉండదు. పళ్లెమంత గుండ్రంగా, పైన నువ్వులో కలోంజి గింజలో చల్లి, మొద్దులా కూర్చుని ఉంటుంది. మొహర్రంలో హైదరాబాద్ బేకరీల ముందు మీ పెదనాన్న వరసలో నిలబడి తెచ్చే దమ్ కే రోట్ గుర్తుందా? పేరు అదే, తినే తీరు వేరు. మనది రవ్వా నెయ్యీ జీడిపప్పుతో బిస్కట్టులా బరువుగా ఉంటుంది. వాళ్లది రొట్టెకీ కేకుకీ నడుమ, తీపి తక్కువ, తుంచగానే ఏలకుల వాసన. కత్తి పెట్టకు, చేత్తో తుంచు. మర్నాడు పెనం మీద సన్నమంటన వెచ్చబెట్టు. మైక్రోవేవ్‌లో పెట్టావంటే చెప్పు తోలే.

తర్వాత ఖజూర్. పేరు చూసి ఖర్జూరం ఉంటుందనుకుంటావు, ఒక్క పండు కూడా ఉండదు. మన గవ్వలు చెక్క మీద ఒత్తినట్టే, పిండిముద్దను జల్లెడ వీపు మీద ఒత్తి, చుట్టి, నూనెలో వేయిస్తారు. ఆ గీతలు చూడగానే మా అమ్మ గవ్వలబల్ల గుర్తొచ్చి, మొదటిసారి అరకిలో కొనేశాను. నువ్వలా చేయకు. పావుకిలో చాలు, గట్టి సరుకు, నాలుగు తింటే కడుపు నిండుతుంది.

గోష్-ఎ-ఫీల్ అంటే ఏనుగు చెవి. పల్చటి పిండి బిళ్లను ఒకపక్క నొక్కి చెవిలా చేసి వేయించి, పైన చక్కెర పొడి, పిస్తా పొడి చల్లుతారు. నోట్లో పెట్టుకున్నాక ఊపిరి పీల్చకు, నవ్వకు. ఒకసారి మిల్పిటాస్‌లో సీమంతానికి డబ్బా నిండా పట్టుకెళ్లాను. పిల్ల తల్లి నల్లపట్టు చీర మీద నేను ఫక్కున నవ్విన నవ్వు తెల్లగా పడింది. ఆ ఫోటోలు ఇప్పటికీ చూపిస్తారు. అవి కొన్నరోజే తినాలి. డబ్బా మూసి పెడితే సాయంత్రానికి మెత్తబడిపోతాయి.

కుల్చా-ఎ-బిరింజీ బియ్యప్పిండిది. వేళ్లతో గట్టిగా పట్టుకుంటే సున్నుండలా రాలిపోతుంది, అరచేయి కింద పెట్టుకుని తిను. షీర్ పీరా మన కోవాకు చుట్టం, పాలపొడీ పాకం ఏలకులు పిస్తాతో చేస్తారు. మీ అత్తగారికి అది తీసుకెళ్లు, గుడ్డు ఉండదు. రోట్‌లో, గోష్-ఎ-ఫీల్‌లో మాత్రం మామూలుగా గుడ్డు వేస్తారు. ఆవిడ తింటానంటే ముందు అడిగి కొను, మొహమాటపడకు.

వీటిలో ఏది తిన్నా పక్కన ఏలకులు వేసిన గ్రీన్ టీ ఉండాలి, పాలు లేకుండా. చక్కెర కూడా వేయకు. నుకుల్ అని చక్కెర పూత పూసిన బాదంపప్పులుంటాయి, ఒకటి బుగ్గన పెట్టుకుని దాని మీదుగా టీ తాగడమే పద్ధతి.

పొద్దున వెళ్లు. రంజాన్ నెలలో ఇఫ్తార్‌కు ముందు గంట అసలు వెళ్లకు, నాన్ కోసం జనం తలుపు దాకా ఉంటారు, నీ ప్రశ్నలకు ఓపిక ఎవరికుంటుంది? మార్చి 20 దగ్గరపడితే మాత్రం తప్పకుండా వెళ్లు. నౌరోజ్‌కు, అంటే వాళ్ల ఉగాదికి, వాళ్లింట్లో వేయించిన చేపా జిలేబీ కలిపి తినడం ఆనవాయితీ, నిశ్చితార్థమైన పిల్ల ఇంటికి పెళ్లికొడుకు వాళ్లు ఆ రెండూ పంపుతారు. చేపతో జిలేబీ ఏమిటని మీ పెదనాన్న మూడేళ్లు ఎగతాళి చేశారు. నాలుగో ఏడు పక్కింటివాళ్లు పళ్లెం పంపితే నా వాటా కూడా ఆయనే తినేశారు.

వచ్చే శనివారం పొద్దున తొమ్మిదికల్లా మీ ఇంటికి వస్తున్నాం. రోట్ ఒకటి తెచ్చి గుడ్డలో చుట్టి ఉంచు, టీ నేను పెడతాను.

మీ పెద్దమ్మ