తిరుపతి లోకల్ ఛానల్ వార్షికోత్సవ స్పెషల్‌కి వచ్చిన మెప్పులూ తిట్లూ: చిత్తూరు భాగానికి ముందు ఏం సరిచేయాలి?

మీరు అడిగింది ఇదీ: తిరుపతిలో మీ కేబుల్ ఛానల్‌కి ఇరవై ఏళ్ళు నిండాయని మూడు గంటల స్పెషల్ వేశారు, మర్నాడు యూట్యూబ్‌లోనూ పెట్టారు. కామెంట్లు, వాట్సాప్ మెసేజ్‌లు, ఫోన్లు కలిపి కొన్ని వందలు వచ్చాయి. సగం శుభాకాంక్షలు, మిగతావి ఒకదానికొకటి పొంతన లేని ఫిర్యాదులు. దీని తర్వాత రాబోయే చిత్తూరు భాగం ఎడిటింగ్ మొదలయ్యేలోపు వీటిలో ఏది పట్టించుకోవాలో చెప్పమన్నారు.

లోకల్ ఛానళ్ళ కంట్రోల్ రూంలోనూ ఎడిటింగ్ టేబుల్ దగ్గరా పనిచేసిన అనుభవంతో ఒక మాట ముందే చెప్తాను. వార్షికోత్సవ స్పెషల్ ముందు జనం కూర్చునేది తమ ఊరిని, తమ వీధిని, వీలైతే తమ ఇంటి మనిషిని చూసుకోవడానికి. ఆ చూపుకి ఎక్కడ అడ్డం తగిలితే అక్కడ కోపం వస్తుంది. అడ్డం పడేవాటిలో చాలావరకు ఎడిటింగ్‌లో పోగొట్టగలిగినవే. కాబట్టి ఫిర్యాదుని చదివి బాధపడే బదులు, ఆ నిమిషం దగ్గర ఫైలు తెరిచి చూడండి.

ముందు వడపోత. 'శుభాకాంక్షలు', 'సూపర్', 'బాగుండాది', దండం పెట్టే బొమ్మలు, ఇవన్నీ పలకరింపులు. సంతోషంగా జవాబివ్వండి, లెక్కలో మాత్రం కలపొద్దు. మిగిలినవి ఒక షీట్‌లో ఎక్కించండి: ఎటు నుంచి వచ్చింది, ఏ ఏరియా, ఏ నిమిషం గురించి, వాళ్ళన్న మాట ఉన్నదున్నట్టు, కారణం. కారణం గడి ఖాళీగానే ఉంచి, ఫుటేజీ చూశాకే నింపండి. పెద్దవాళ్ళు ఎక్కువగా వాయిస్ మెసేజ్‌లు పెడతారు. వినడానికి టైం పడుతుందని వాటిని వదిలేస్తుంటారు. పాత ప్రేక్షకుల అసలు మాట ఉండేది వాటిలోనే, ఓపిగ్గా విని టైపు చేయించండి. ఒకే మనిషి మూడు గ్రూపుల్లో ఒకే మాట పెడితే అది ఒక్కటే లెక్క. ఏ ఫిర్యాదు ఏ రకం అని విడగొట్టే పని ఇద్దరికి ఇవ్వండి. మొదట యాభై తీసుకుని ఒకరిది ఒకరు చూడకుండా చేసి, పక్కపక్కన పెట్టి పోల్చాలి. పదికి మించి తేడా వస్తే తప్పు వాళ్ళది కాదు, మీరు పెట్టిన రకాలే తేటగా లేవని అర్థం.

పెద్ద ఛానళ్ళకైతే బార్క్ లెక్క ఉంటుంది, అంటే ఏ ఛానల్‌ని ఎంతమంది చూశారో కొలిచే సంస్థ ఇచ్చే లెక్క. శనివారం నుంచి శుక్రవారం దాకా ఒక వారం, ఆ అంకెలు తర్వాతి గురువారం వస్తాయి. శబ్దంలో కలిపిన వాటర్‌మార్క్‌ని (చెవికి తెలియని గుర్తుని) ఇళ్ళల్లో పెట్టిన మీటర్ పట్టుకుంటుంది కాబట్టి, అది లేని లోకల్ కేబుల్ ఛానల్ ఆ లెక్కలోకే రాదు. మీకున్నవి ఈ మాటలే, అందుకే వీటిని ఇంత జాగ్రత్తగా చదవమంటున్నాను.

ఇక ఫిర్యాదులకు వద్దాం. "మొగాలు ఉబ్బినట్టుండాయి", "అందరూ పొట్టిగా లావుగా కనపడతా ఉండారు" అనేది పాత క్లిప్పులున్న ప్రతి స్పెషల్‌కీ వస్తుంది. బీటాకామ్, మినీ డీవీ టేపుల కాలం బొమ్మ వెడల్పు ఎత్తుల లెక్క 4:3. దాన్ని ఇప్పటి వెడల్పు తెరకి సరిపోయే 16:9 టైంలైన్ (ఎడిటింగ్‌లో క్లిప్పులు పేర్చే పట్టీ) నిండేలా అడ్డంగా సాగదీస్తే మనిషి వెడల్పు మూడో వంతు పెరుగుతుంది. 1920×1080 టైంలైన్‌లో 4:3 బొమ్మకి 1440×1080 ఇచ్చి మధ్యలో పెట్టండి, రెండు పక్కలా 240 పిక్సెళ్ళు ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో నలుపు ఉంచండి, లేదా అదే బొమ్మను మసకచేసి వేయండి. పైనా కిందా కోసి నింపే పద్ధతి నాకు నచ్చదు. పాత ఫుటేజీలో తల దగ్గర జాగా తక్కువ, పైగా కింద పేరు పట్టీ ఉంటుంది, రెండూ తెగిపోతాయి.

"మనిషి కదిలితే గీతలు వస్తా ఉండాయి" అన్నారంటే అది ఇంటర్‌లేస్ సమస్య, అంటే ఒక్కో ఫ్రేమునీ గీత విడిచి గీతగా రెండు సగాలు (ఫీల్డులు) చేసి రికార్డు చేయడం వల్ల వచ్చేది. మన దేశపు పాత టీవీ పద్ధతి అయిన పాల్ (PAL) టేపులో సెకనుకు 25 ఫ్రేములు, అంటే 50 ఫీల్డులు. వాటిని విడదీయకుండా పెద్దది చేస్తే దువ్వెన పళ్ళలాంటి గీతలు బొమ్మలో నాటుకుపోతాయి, తర్వాత తీయడం కుదరదు. పెద్దది చేయడానికి ముందే డీఇంటర్‌లేస్ చేసి (ఫీల్డుల్ని విడదీసి), 50 ఫీల్డుల్నీ 50 ఫ్రేములుగా మార్చండి, కదలిక సాఫీగా వస్తుంది. డీవీ టేపులకు కింది ఫీల్డు ముందు. సాఫ్ట్‌వేర్ పై ఫీల్డు ముందు అనుకుంటే నడిచే మనిషి ముందుకూ వెనక్కీ ఊగుతాడు. మొత్తం చేసే ముందు ఊరేగింపు ఉన్న పది సెకన్ల ముక్కతో రెండు రకాలూ తీసి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

శబ్దం సంగతి కొంచెం లోతు, ఇక్కడ తొందరపడొద్దు. టీవీలో మాట వినపడింది, ఫోన్‌లో వినపడలేదు అని కొందరు రాస్తారు. వాళ్ళు చెప్పేది నిజమే. ఎడమ కుడి వైపుల శబ్దపు అలలు ఒకదానికొకటి తిరగబడి ఉంటే, ఒకే స్పీకరున్న ఫోన్‌లో రెండూ కలిసినప్పుడు మాట కొట్టుకుపోతుంది. టైంలైన్‌ని మోనోలో ఒకసారి వింటే దొరికిపోతుంది. ఒక వైపు శబ్దపు ఫేజ్ (అల దిశ) తిప్పితే సరి. ఒక చెవిలోనే వినపడిందంటే కారణం వేరు. పాత రోజుల్లో రిపోర్టర్ మైకు ఒకటో ట్రాక్ మీద, కెమెరా మైకు రెండో దాని మీద ఎక్కేవి. ఒకటో ట్రాక్‌ని రెండు వైపులా వేసి, రెండోదాన్ని బాగా తగ్గించి పరిసర శబ్దానికి మాత్రమే ఉంచండి. పెదాల కదలికకూ మాటకూ పొంతన లేదని అంటే టేపు ఏ శబ్దంతో రికార్డయిందో చూడండి. చాలా మినీ డీవీ కెమెరాల్లో 12 బిట్, 32 కిలోహెర్ట్జ్ సెట్టింగ్ ఉండేది. దాన్ని 48 కిలోహెర్ట్జ్ ఫైళ్ళతో జాగ్రత్త లేకుండా కలిపితే, క్లిప్ సాగేకొద్దీ మాట జారుతుంది. ఒక ఫ్రేము అంటే 40 మిల్లీసెకన్లు. రెండు మూడు ఫ్రేములు జారితే మామూలు ప్రేక్షకుడు కూడా పట్టేస్తాడు.

యాడ్ రాగానే చెవులు పగిలాయన్నది న్యాయమైన కోపం. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియమాల్లోనే ప్రకటన శబ్దం మితిమీరకూడదని ఉంది. గంటకు మొత్తం ప్రకటనలు 12 నిమిషాలు దాటకూడదని, అందులో వ్యాపార ప్రకటనలు 10, ఛానల్ సొంత ప్రచారం 2 అని కూడా ఉంది. వార్షికోత్సవం రోజున నగల షాపులూ కాలేజీలూ ఇచ్చే 'శుభాకాంక్షల' బైట్లు (కెమెరా ముందు చెప్పే చిన్న మాటల ముక్కలు) ప్రకటనలే. వాటిని కార్యక్రమంలో భాగమని చూపిస్తే ప్రేక్షకుడు నమ్మడు, "మూడు గంటల్లో రెండు గంటలు యాడ్లే" అని రాసేది అందుకే. యాడ్లూ కార్యక్రమమూ ఒకే లౌడ్‌నెస్‌కు తెచ్చుకోండి. టీవీ ప్రసారానికి మైనస్ 23 లఫ్స్ (శబ్దపు గట్టితనం కొలిచే ప్రమాణం) అనే ఈబీయూ, అంటే యూరప్ ప్రసార సంస్థల సంఘం, కొలత పట్టుకుంటే చాలు. యూట్యూబ్ కాపీ విడిగా, మైనస్ 14 దగ్గర ఎగుమతి చేయండి. అంతకంటే గట్టిగా ఉన్నదాన్ని యూట్యూబే తగ్గిస్తుంది, తక్కువున్నదాన్ని మాత్రం పెంచదు.

ఒక తనిఖీ మరవొద్దు. బొమ్మ గళ్ళు గళ్ళుగా పగిలిందని, శబ్దం ఆగిపోయిందని వచ్చిన ఫిర్యాదుల్ని ఏరియావారీగా పేర్చండి. అన్నీ కొర్లగుంట నుంచో బైరాగిపట్టెడలో రెండు వీధుల నుంచో వస్తే అది లైను సమస్య, ఆపరేటర్‌కి చెప్పి ఆ వీధులకు సిగ్నల్ పంచే నోడు, యాంప్లిఫయర్ చూపించండి. అన్ని ఏరియాల నుంచీ ఒకే నిమిషం దగ్గర వస్తే ఫైలులోనే ఉంది. పాట దగ్గర మాత్రమే, అదీ యూట్యూబ్‌లో మాత్రమే శబ్దం పోయిందంటే కాపీరైట్ వల్ల. పాత క్లిప్పుల వెనక మైకుసెట్‌లో మోగే సినిమా పాట కూడా పట్టుబడుతుంది. అలాంటి చోట వాయిస్ ఓవర్ రాయించుకోవడం మేలు.

ఇంతవరకు చెప్పినవన్నీ చేతిపని. అసలు విషయం పాత ఫుటేజీ ఎంతసేపు ఉండాలన్నది. యూట్యూబ్ స్టూడియోలో ప్రేక్షకులు నిలిచిన గ్రాఫ్ తెరవండి. గీత పైకి లేచిన చోట జనం వెనక్కి జరిపి మళ్ళీ చూశారని అర్థం. లోకల్ ఛానల్ స్పెషల్స్‌లో ఆ గుట్టలు గంగమ్మ జాతర వేషాల దగ్గర, శ్రీనివాస సేతు రాకముందటి రోడ్ల దగ్గర, 2021 నవంబరు వరదల దగ్గర లేస్తాయి. దిగజారేది అతిథుల ప్రసంగాలకీ స్టేజీ డాన్సులకీ. ఈటీవీలాంటి ఛానల్ 1995 నుంచి లెక్కపెట్టుకుంటే దాని ప్రేక్షకులకు గుర్తుండేవి పాటల పోటీలు, సీరియళ్ళు; స్టేజీ హంగామా అక్కడ అతుకుతుంది. మీ ప్రేక్షకుడికి గుర్తుండేది లీలామహల్ సర్కిల్. పెద్ద ఛానల్ పద్ధతిని తెచ్చి మీ ఛానల్‌కి తొడిగితే "పాత తిరుపతి ఇంకొంచేపు చూపించింటే బాగుండు" అనే మాటే వస్తుంది.

మూడు సెకన్ల ముక్కలు కలిపి మ్యూజిక్ వేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. వీధిని గుర్తుపట్టడానికి, పక్కవాళ్ళకు చూపించడానికి టైం కావాలి. ఒక్కో షాట్‌కి కనీసం ఎనిమిది పది సెకన్లు ఇవ్వండి, అసలు శబ్దం ఉంచండి, మూలన స్థలం పేరూ సంవత్సరమూ రాయండి. సంవత్సరం తప్పైతే దాని మీదే యాభై కామెంట్లు వస్తాయి, కాబట్టి టేపు లేబుల్‌ని నమ్మకుండా బొమ్మలోని సినిమా పోస్టరుతోనో వార్తతోనో సరిచూడండి. వరద దృశ్యాల్లో మృతదేహాలు, ఏడ్చే ఇంటివాళ్ళ ముఖాలు వేడుక రోజున వేయొద్దు. వాహన సేవల దృశ్యాలు శ్రీవేంకటేశ్వర భక్తి ఛానల్ నుంచి తీసుకున్నవైతే రాతపూర్వక అనుమతి లేకుండా మళ్ళీ వాడొద్దు.

చిత్తూరు టేపులు ఇప్పుడే బయటికి తీయండి. గంట మినీ డీవీ టేపు కంప్యూటర్‌లోకి ఎక్కడానికి గంట పడుతుంది, ఫైలు సుమారు 13 జీబీ అవుతుంది. ముప్పై టేపులకు వారం పని పెట్టుకోండి. రీలు అంచున తెల్లటి బూజు కనిపిస్తే ఆ టేపుని డెక్‌లో (టేపు నడిపే యంత్రంలో) పెట్టొద్దు, టేపుని చదివే హెడ్‌కి బూజు అంటుకుని తర్వాతి టేపులన్నిటినీ పాడుచేస్తుంది. దాన్ని విడిగా శుభ్రం చేయించాలి.

ఇంకో రకం కోపం పేర్ల గురించి. "ఫలానా ఆయన్ని మరిచిపోయినారు" అనే ఫోన్ ఛానల్‌లో ఒకప్పుడు పనిచేసిన కెమెరామన్ ఇంటి నుంచో, స్తంభాలెక్కి కేబుల్ లాగిన లైన్‌మన్ ఇంటి నుంచో వస్తుంది. దీనికి సాకులు లేవు. జీతాల రిజిస్టరు, పాత ఐడీ కార్డులు, ఆపరేటర్ల దగ్గరున్న జాబితా కలిపి, ఇద్దరు పాత ఉద్యోగుల చేత చదివించండి. చనిపోయినవాళ్ళ పేరూ ఫోటో ఇంటివాళ్ళని అడిగి తీసుకోండి. పేర్లు ఒక్కోటి రెండు సెకన్లైనా తెరమీద నిలవాలి, పరిగెత్తించొద్దు.

జనం స్పందన బైట్లు తీయాలనుకుంటే చోటు ముఖ్యం. తిరుపతిలో ఆర్టీసీ బస్టాండు, రైల్వే స్టేషను దగ్గర మైకు పెడితే దొరికేది యాత్రికులు, వాళ్ళకు మీ ఛానలే రాదు. రైతుబజారు, యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున నడిచేవాళ్ళు, వీధుల్లో అరుగుల మీద కూర్చునే ఆడవాళ్ళు, వీళ్ళని అడగండి. చిత్తూరు, నగరి వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు చాలామంది, ప్రశ్న తమిళంలోనూ సిద్ధంగా ఉంచుకోండి. "ఎట్లుందమ్మా?" అంటే మర్యాదకి "బాగుండాది నాయనా" అంటారు. "ఏ ముక్క గుర్తుండాది? ఎక్కడ లేసి పోయినారు?" అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. బైటు పదిహేను సెకన్లు చాలు, ప్రసారం చేస్తామని చెప్పి ఒప్పుకోలు కెమెరా మీదే తీసుకోండి.

కువైట్‌లో ఉన్న మనవాళ్ళ కామెంట్లు ఆలస్యంగా వస్తాయి. మన రాత్రి ఏడు అక్కడ సాయంత్రం నాలుగున్నర, డ్యూటీ టైం. వాళ్ళకు సెలవు శుక్రవారం. గురువారం రాత్రి యూట్యూబ్‌లో పెట్టి, శనివారం దాకా ఆగి లెక్క తీయండి. మొదటి రోజు తీసిన లెక్కలో వాళ్ళు ఉండరు, ఊరిని అందరికంటే ఎక్కువ వెతుక్కునేది వాళ్ళే.

సరిచేసిన తిరుపతి భాగాన్ని మళ్ళీ పెట్టేటప్పుడు, అదే లింకులో ఫైలు మార్చడం యూట్యూబ్‌లో కుదరదు. కొత్తగా ఎక్కించి, పాతదాన్ని డిలీట్ చేయకుండా అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్ళకే కనపడేలా) మార్చండి, కామెంట్లు నిలుస్తాయి. పాత వీడియో కామెంట్లలో అన్నిటికంటే పైన ఒకటి పిన్ చేసి, అందులో కొత్త లింకు ఇవ్వండి. వివరణలో 0:00తో మొదలుపెట్టి నిమిషాలవారీగా వీధుల పేర్లు రాస్తే, తమ ముక్క కోసం మూడు గంటలు వెతుక్కునే పని తప్పుతుంది. గీతల గురించి, ముఖాల గురించి రాసిన ప్రతి ఒక్కరికీ ఏ నిమిషం దగ్గర ఏం మార్చారో ఒక్క వాక్యంలో జవాబు పెట్టండి, చిత్తూరు భాగం ప్రసారమయ్యే తేదీ కూడా అందులోనే చెప్పండి.