కొత్త ఎల్‌ఈడీ పెట్టాక కోరల్స్ తెల్లబడుతుంటే

అన్నా, మీ ఉప్పునీటి అక్వేరియంకు కొత్త ఎల్‌ఈడీ లైటు బిగించిన వారానికే మష్రూమ్ కోరల్స్ (పుట్టగొడుగు ఆకారపు పగడాలు) ముడుచుకుని రంగు వెలిసిపోతున్నాయని రాశారు, తెలుపూ నీలం వెలుగులు రెండూ 100 శాతం పెట్టానన్నారు కదా, చిక్కంతా అక్కడే. ఇవాళే నీలం 35, తెలుపు 10 శాతానికి దించేయండి, రోజుకు 8 గంటలు చాలు. మష్రూమ్‌లకు 50 నుంచి 75 పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుగు కొలత) వెలుగు సరిపోతుంది, జోయాంథిడ్‌లు (మరో రకం కోరల్స్) ఇంకొంచెం ఎక్కువైనా తట్టుకుంటాయి కాబట్టి వాటిని పై రాయి మీద పెట్టి, మష్రూమ్‌లను కింద ఇసుక దగ్గర ఉంచండి. రెండు వారాలు దేన్నీ కదపొద్దు, ప్లీజ్, రోజూ మారిస్తే అవి కుదురుకోవు. తేరుకున్నాక వారానికి 5 శాతం చొప్పున పెంచుకోవచ్చు. ఇంకోటి, కావలిలో మే ఎండలకు నీళ్లు 29 డిగ్రీలు దాటితే వెలుగు తగ్గించినా తెల్లబడొచ్చు, థర్మామీటర్ చూసి ఫ్యాన్ పెట్టండి, ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లే పోయండి, ఉప్పునీళ్లు కాదు.