థండర్‌బర్డ్‌లో మెయిళ్లు వస్తున్నాయి, వెళ్లడం లేదు: అకౌంటు తీసేసే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది ఇదీ: హిమాయత్‌నగర్ ఆఫీసులో చక్కగా పనిచేసిన థండర్‌బర్డ్ (కంప్యూటర్‌లో మెయిళ్లు చూసుకునే, పంపే ప్రోగ్రాము), కంప్యూటర్‌ను కొత్తపేటలోని ఇంటికి తెచ్చుకున్నాక మెయిళ్లు అందుకుంటోంది గానీ పంపడం లేదు. పంపబోతే చాలాసేపు తిరిగి, సర్వర్ నుంచి జవాబు రాలేదని చెబుతోంది. పాస్‌వర్డ్ సరైనదే. అకౌంటు తీసేసి మళ్లీ పెట్టుకుంటే బాగవుతుందా?

దయచేసి తీసేయకండి. మీది పాప్ పద్ధతి అకౌంటు అని రాశారు. ఆ పద్ధతిలో మెయిళ్లు మీ కంప్యూటర్‌లోకి దిగిపోతాయి. సర్వర్‌లో ఒక కాపీ ఉంచే ఏర్పాటు లేకపోతే అవి ఇంకెక్కడా ఉండవు. అకౌంటు తొలగించేటప్పుడు మెసేజ్ డేటాను కూడా తీసేయాలా అని ఒక గడి కనిపిస్తుంది. తొందరలో అక్కడ టిక్కు పడితే ఏళ్ల తరబడి దాచుకున్న ఉత్తరాలన్నీ పోతాయి. ఒక పోర్టు సంఖ్య (సర్వర్‌లో ఒక్కో పనికి ఉండే ద్వారం నంబరు) మారిస్తే తీరిపోయే ఇబ్బంది కోసం అంత ప్రమాదం కొని తెచ్చుకోవద్దు.

మెయిల్ రావడానికీ పోవడానికీ రెండు వేర్వేరు దారులు. పాప్ లేదా ఐమ్యాప్ మెయిళ్లను తెస్తుంది, ఎస్‌ఎమ్‌టీపీ పంపుతుంది. సర్వర్ పేరు, పోర్టు, పాస్‌వర్డ్ అన్నీ దేనికి దానికే ఉంటాయి. అందుకే మెయిళ్లు వస్తున్నంత మాత్రాన పంపే వైపు కూడా అంతా సరిగ్గా ఉందని అనుకోవడానికి లేదు. థండర్‌బర్డ్‌లో అకౌంట్ సెట్టింగ్స్ తెరిస్తే, ఎడమవైపు జాబితాలో అన్నిటికంటే కింద 'అవుట్‌గోయింగ్ సర్వర్' అని ఉంటుంది. మీరు చూడవలసిన చోటు అదే.

చిక్కడపల్లిలో మా బాబాయి ప్రింటింగ్ ప్రెస్‌లో కంప్యూటర్ల సంగతి నేనే చూస్తుంటాను. అక్కడ ఇంటర్నెట్ కనెక్షన్ మార్చిన వెంటనే అచ్చం మీ సమస్యే వచ్చింది. ప్రూఫులు పంపాలి, అవతల పెళ్లిపత్రికల వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. మెయిళ్లు వస్తున్నాయి, ఒక్కటీ వెళ్లదు. నేను ముందుగా ఫోనులో హాట్‌స్పాట్ ఆన్ చేసి, కంప్యూటర్‌ను దానికి కలిపి పంపి చూశాను. మీరూ ఇదే ముందు చేయండి. మొబైల్ డేటా మీద వెళ్తే అడ్డు మీ ఇంటి కనెక్షన్‌లో ఉన్నట్టు. అక్కడా వెళ్లకపోతే తేల్చి చెప్పలేం, ఎందుకంటే మొబైల్ నెట్‌వర్క్‌లోనూ అదే పోర్టు మూసి ఉండవచ్చు. మా ప్రెస్‌లో జరిగింది ఈ రెండోదే. అప్పుడు సెట్టింగ్స్ తెరిచి చూస్తే పోర్టు గడిలో 25 అని ఉంది.

ఎస్‌ఎమ్‌టీపీ ప్రమాణం 1982 నాటిది. అప్పటి నుంచీ 25 ఒక సర్వర్ ఇంకో సర్వర్‌కు మెయిల్ అందించే పోర్టు. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు దాని గుండా స్పామ్ కుమ్మరించడంతో, చాలా ఇంటర్నెట్ కంపెనీలు తమ ఖాతాదారుల కనెక్షన్లలో దాన్ని మూసేశాయి. అది న్యాయమైన పనే అని నా అభిప్రాయం. మనలాంటి వాళ్లు మెయిల్ అప్పగించడానికి 587 పోర్టును 1998లోనే విడిగా కేటాయించారు. మొదటి నుంచీ రహస్య లిపిలోనే మాట్లాడే 465 పోర్టును 2018 నాటి ప్రమాణం సిఫారసు చేసింది. మీ సర్వర్ ఈ రెండిటిలో ఏది ఇస్తే అది వాడండి, 25 జోలికి పోవద్దు. మీరు చెప్పిన లక్షణాలన్నీ 25 మూసి ఉండటం వైపే చూపిస్తున్నాయి.

పోర్టు మార్చినప్పుడు దాని పక్కనున్న 'కనెక్షన్ సెక్యూరిటీ' కూడా మార్చాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 587కు స్టార్ట్‌టీఎల్‌ఎస్ (మామూలుగా మొదలై తర్వాత రహస్య లిపికి మారేది), 465కు ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ (మొదటి నుంచీ రహస్య లిపే). తారుమారైతే ఎలా తెలుస్తుందంటే, 587కు ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ పెడితే వెంటనే తిరస్కరిస్తుంది. 465కు స్టార్ట్‌టీఎల్‌ఎస్ పెడితే మాత్రం ఎవరు ముందు మాట్లాడాలో తెలియని కొత్త సంబంధం వాళ్లలా అటు సర్వర్, ఇటు థండర్‌బర్డ్ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోతాయి. చివరికి పోర్టు మూసి ఉన్నప్పుడు వచ్చే సందేశమే వస్తుంది. కాబట్టి జవాబు రాలేదన్న సందేశం చూడగానే కంపెనీని తప్పు పట్టకుండా ఈ జత సరిగ్గా ఉందో లేదో చూసుకోండి.

ప్రెస్‌లో 587 పెట్టగానే పని అయిపోలేదు. ఈసారి సర్వర్ పలికింది, కానీ లాగిన్ కావాలంది. పాత సెట్టింగ్స్‌లో 'నో అథెంటికేషన్', అంటే లాగిన్ అక్కర్లేదు అని ఉంది. పాత కనెక్షన్ ఉన్న రోజుల్లో ఆ కంపెనీ సర్వరే మెయిళ్లు తీసుకునేది. తన నెట్‌వర్క్‌లోని వాళ్లేనని గుర్తుపట్టి పాస్‌వర్డ్ అడిగేది కాదు. బయటి నుంచి వస్తే అదే సర్వర్ 'రిలే' చేయనంటుంది, అంటే మెయిల్‌ను ముందుకు పంపనంటుంది. మీ ఆఫీసులోనూ ఇలాంటి ఏర్పాటే ఉండి ఉంటే, సర్వర్ పేరు గడిలో ఆఫీసు ఇంటర్నెట్ కంపెనీ పేరు కనిపిస్తుంది. దాని స్థానంలో మీ డొమైన్‌కు (మెయిల్ అడ్రసులో @ తర్వాతి పేరుకు) మెయిల్ సేవ ఇచ్చే హోస్టింగ్ వాళ్లు చెప్పిన పేరు రాయండి. యూజర్‌నేమ్‌గా చాలాచోట్ల పూర్తి మెయిల్ అడ్రసు ఇవ్వాలి. అథెంటికేషన్ పద్ధతి దగ్గర 'నార్మల్ పాస్‌వర్డ్' ఎంచుకోండి. పేరు చూసి భయపడకండి, పైన చెప్పిన సెక్యూరిటీ పెట్టి ఉంటే పాస్‌వర్డ్ ఆ రక్షణలోనే వెళ్తుంది. 'ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్' అన్నది వేరే పద్ధతి, చాలా సర్వర్లు దాన్ని ఒప్పుకోవు.

535తో మొదలయ్యే ఎర్రర్ వస్తే సంతోషించండి, దారి తెరుచుకుంది, మిగిలింది తాళం చెవి మాత్రమే. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద 'సేవ్డ్ పాస్‌వర్డ్స్' చూడండి. వచ్చే మెయిల్‌కూ పోయే మెయిల్‌కూ అక్కడ వేర్వేరు వరుసలు ఉంటాయి. ఎస్‌ఎమ్‌టీపీ అని ఉన్న వరుస ఒక్కటే తీసేస్తే ఈసారి పంపేటప్పుడు పాస్‌వర్డ్ కొత్తగా అడుగుతుంది.

ఇంట్లో ఎవరికైనా జీమెయిల్ కూడా ఇందులోనే ఉంటే దాని కథ వేరు. మామూలు పాస్‌వర్డ్‌తో ఇతర ప్రోగ్రాములను లోపలికి రానివ్వడాన్ని గూగుల్ వ్యక్తిగత ఖాతాలకు 2022 మే 30 నుంచి ఆపడం మొదలుపెట్టింది. అథెంటికేషన్ పద్ధతిని 'ఓఆథ్2'గా (గూగుల్ దగ్గరే లాగిన్ అయ్యే పద్ధతి) మార్చండి, గూగుల్ లాగిన్ కిటికీ తెరుచుకుంటుంది. అది తెరుచుకోకపోయినా ఖాళీగా కనిపించినా థండర్‌బర్డ్‌లో కుకీలు అనుమతించి ఉన్నాయో లేదో చూడండి. లేదంటే ఖాతాకు రెండంచెల తనిఖీ పెట్టుకుని ఇలాంటి ప్రోగ్రాముల కోసం గూగుల్ ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవచ్చు.

రెండు అకౌంట్లు ఉన్నప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. ఒక్కో అకౌంటు మొదటి పేజీలో, కిందివైపు, అది ఏ అవుట్‌గోయింగ్ సర్వర్ వాడాలో ఎంచుకునే గడి ఉంటుంది. ఆఫీసు మెయిల్ ఇంకొకరి సర్వర్ గుండా పోతే తిరస్కరణకు గురికావచ్చు, లేదా వెళ్లినా అవతలి వాళ్ల స్పామ్‌లో పడవచ్చు. మీ ఖాతాదారులు మెయిల్ రాలేదంటుంటే ఇదొకసారి చూడండి.

చిన్న మెయిళ్లు వెళ్తూ పెద్ద ఫైళ్లు మాత్రమే ఆగిపోతుంటే అది సైజు సమస్య. అటాచ్‌మెంటు మెయిల్‌లోకి చేరేటప్పుడు మూడో వంతుకు పైగా ఉబ్బుతుంది. అందుకే 25 ఎంబీ పరిమితి ఉన్న సర్వర్ 20 ఎంబీ ఫైలును కూడా 552 ఎర్రర్‌తో వెనక్కి పంపుతుంది.

ఇవన్నీ చూశాక కూడా వెళ్లకపోతే ఎర్రర్‌లోని మూడంకెల సంఖ్య, మీరు పెట్టిన పోర్టు, సెక్యూరిటీ, అథెంటికేషన్ పద్ధతి రాయండి, కలిసి చూద్దాం. మెయిల్ అడ్రసు, పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ రాయకండి.