ఒరిజినల్స్ బ్యాంకులో ఉంటే కంటైనర్లు ఎలా బయటికెళ్లాయి?

ప్రశ్న: మాది తూర్పుగోదావరిలో రైస్ మిల్లు. విశాఖ నుంచి బెనిన్ దేశం కొటోనూ రేవుకు పది కంటైనర్ల ఉప్పుడు బియ్యం పంపాం. 20 శాతం అడ్వాన్సు, మిగతాది బ్యాంకులో కాగితాలు విడిపించుకున్నప్పుడు ఇవ్వాలి. కొన్నవాడు నూక ఎక్కువుందని డబ్బు కట్టలేదు. ఒరిజినల్స్ (సరుకు అసలు కాగితాలు) అక్కడి బ్యాంకులోనే ఉన్నాయి, సరుకు మాత్రం అమ్మేశాడట. సరుకు దిగి పదో నెల, వాట్సాప్‌లో అడుగుతూనే ఉన్నాం. దావాకు మూడేళ్లుందిలే అనుకున్నాం. ఒరిజినల్స్ ఇప్పిస్తే సగం సొమ్ము ఇక్కడే నగదుగా ఇప్పిస్తానంటున్నాడు. ఇల్లు తాకట్టులో ఉంది, టెన్షన్‌తో నిద్ర లేదు. ఏం చేయాలి?

జవాబు: నూక సంగతి తర్వాత. ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ లేకుండా కంటైనర్లు ఎవరు వదిలారు? ఆ బిల్లు సరుకుకు హక్కుపత్రం. అది 'టు ఆర్డర్' బిల్లయితే (ఒక్కరి పేరున కాక, ఆదేశం ప్రకారం చేతులు మారే బిల్లు), ఒరిజినల్ తీసుకోకుండా సరుకిచ్చిన షిప్పింగ్ కంపెనీయే మీకు జవాబు చెప్పాలి. బియ్యం కోసం వెతక్కండి. కొటోనూలో దిగిన బియ్యం సరిహద్దు దాటి నైజీరియా చేరడం ఆ వ్యాపారంలో మామూలే.

ముందు మీ ఫార్వర్డర్‌ని, అంటే ఓడ రవాణా ఏర్పాట్లు చూసిన ఏజెంటుని, నిలదీయండి. మీ పేరుతో 'టెలెక్స్ రిలీజ్' (ఒరిజినల్ చూపకుండానే సరుకు వదలమన్న సందేశం) ఇచ్చేసి ఉంటే కంపెనీ మీద కేసు దాదాపు పోయినట్టే. బిల్లు ఓడ కంపెనీదా, ఫార్వర్డర్‌దా అన్నదీ చూడండి, ఎవరిని అడగాలన్నది దాన్నిబట్టే.

కొన్నవాడి మీద దావాకు మూడేళ్లుందని ధీమాగా ఉన్నట్టున్నారు. ఓడ కంపెనీ మీద మాత్రం సరుకు అప్పగించిన రోజు నుంచి ఏడాదే అనుకుని నడవండి. లాయర్ నోటీసుతో ఆ గడువు ఆగదు. ఎల్సీ (కొన్నవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) లేదు, ఈసీజీసీ పాలసీ (ఎగుమతి సొమ్ముకు బీమా) ఊసే లేదు, పది నెలలు వాట్సాప్‌లో బతిమాలుతూ కూర్చున్నారు!

ఆ నగదు ముట్టుకోవద్దు. అది హవాలా. విదేశీ మారక చట్టం (ఫెమా) కింద ఆ సొమ్ముకు మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. పైగా ఒరిజినల్స్ వదిలితే కంపెనీ మీద మీ ఆయుధమూ పోతుంది.

డబ్బు రాకుండా కాగితాలివ్వొద్దని, వాటిని వెనక్కి పంపమని మీ బ్యాంకు ద్వారా ఈరోజే రాయించండి. అవి విడిపించలేదన్న లేఖ తీసుకోండి. ఎగుమతి సొమ్ము రాబట్టే గడువు పొడిగింపూ అడగండి. కంటైనర్లు రేవు దాటిన తేదీ, ఖాళీగా తిరిగొచ్చిన తేదీ ట్రాకింగ్‌లో ఉంటాయి. ఆ వివరాలను భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో (ఎలక్ట్రానిక్ ఆధారాలకు కావలసినది) ఇప్పుడే భద్రపరచండి.

దావా ఎక్కడ వేయాలో బిల్లు వెనక సన్నక్షరాల్లో ఉంటుంది, తరచూ లండన్. కాబట్టి ఓడ కేసులు తెలిసిన లాయరుతో ఓడ కంపెనీని దావా గడువు పొడిగింపు రాతపూర్వకంగా అడిగించండి. వారంలో ఒప్పుకోకపోతే దావాకు దిగండి.