పద్మినికి మారుతి 800 కార్బొరేటర్ వేయించవచ్చా?

మీ 1981 ప్రీమియర్ పద్మిని కారు స్లోలో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) నిలబడటం లేదు, నల్లపొగ వదులుతోంది, మెకానిక్కేమో బండికున్న సోలెక్స్ కార్బొరేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజినుకి పంపేది) తీసేసి మారుతి 800ది బిగించేద్దాం అంటున్నాడు. వేయించాలా వద్దా అని కదా అడిగారు. వద్దండి. మా నాన్నగారి పద్మినికి రెండుసార్లు కార్బొరేటర్ పని చేయించాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

మొదటిసారి విజయవాడ ఆటోనగర్‌లో కొత్తది కొన్నాను. సోలెక్స్ నమూనాలోనే ఎవరో పోతపోసినది, తళతళా మెరుస్తోంది. పొద్దున్నే ఒక్క సెల్ఫుకే బండి అందుకుంది. ఇంజిను వేడెక్కాక మాత్రం పెట్రోలు వాసన గుప్పుమనేది, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగిపోయేది. ప్లగ్గులు విప్పితే నాలుగూ మసే. ఫ్లోట్ (లోపలి పెట్రోలు మట్టాన్ని బట్టి తేలే బుడ్డి) సరిచేశాం, జెట్లు (పెట్రోలుని కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు) మార్చాం, రెండు వారాలు అదే గొడవ.

చివరికి ఒక పెద్దాయన కార్బొరేటర్ పక్కనున్న చిన్న మూత విప్పి చూపించారు. మా బండికి వచ్చిన 32 పి.బి.ఐ.సి. సోలెక్స్‌లో చోక్‌కి (చల్లటి ఇంజిను అందుకోవడానికి పెట్రోలు ఎక్కువ పంపే ఏర్పాటు) పైన గాలిని అడ్డే రేకు ఉండదు. నాబ్ లాగితే పక్కనున్న బిళ్ళ తిరిగి పెట్రోలుకి వేరే దారి తెరుస్తుంది. ఆయన ఆ బిళ్ళకి నీలిరంగు పూసి, దాని చోట్లో నొక్కి తీశారు. రంగు సగం మేరకే అంటింది. అంటే నాబ్ పూర్తిగా లోపలికి నొక్కినా ఆ దారి మూసుకోవడం లేదు, చోక్ వేసిన బండిలాగే రోజంతా తాగుతోందన్నమాట.

ఆ తర్వాత అటక మీద పడేసిన పాత కార్బొరేటర్‌నే దింపాం. బటర్‌ఫ్లై (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకు) తిరిగే ఇరుసుని, అంటే స్పిండిల్‌ని, పట్టుకుని కదిపితే చేతికే ఆట తెలిసింది. ఆ సందులోంచి గాలి లాగడమే మొదట్లో మా బండి స్లో నిలవకపోవడానికి కారణం. లేత్ మీద రంధ్రాలు సాగదీసి ఇత్తడి బుష్షులు వేయించి, కొత్త స్పిండిల్, నీడిల్ (ఫ్లోట్ పైకి లేస్తే పెట్రోలు ఆపే సూది), ప్యాకింగులు మార్చాం. అడుగున నట్లు బలంగా బిగించీ బిగించీ ఫ్లాంజి (ఇంజినుకి బిగించే అడుగు అంచు) వంగిపోయింది. అద్దం మీద ఎమరీ కాగితం పరిచి, మచ్చ అంతటా సమానంగా పడేదాకా రుద్దారు. ఆ బండి ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది.

అందుకే కొనేముందు మీరూ స్పిండిల్ కదిపి చూడండి. ఫ్లోట్ చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోలు చప్పుడైతే చిల్లు పడ్డట్టే. మీది నల్లపొగ కాబట్టి ముందు ఫ్లోట్, నీడిల్, ఆ చోక్ బిళ్ళ చూడాలి. శుభ్రం చేస్తామని జెట్టులో తీగ దూర్చనివ్వకండి. జెట్టు మీద 120 అని ఉంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లు, తీగ రాపిడికి ఆ కొలతే పోతుంది.

ఇక 800ది. అది 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజినుకి లెక్కగట్టి చేసింది. మీది 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. 4,500 ఆర్‌పీఎమ్ దగ్గర మీ ఇంజిను లెక్కప్రకారం నిమిషానికి దాదాపు 2,450 లీటర్ల గాలి అడుగుతుంది, చిన్నదానికి 1,800 లోపు చాలు. పైగా మధ్యలో ప్లేటు పెట్టాలి, యాక్సిలరేటర్ రాడ్డు వంచాలి. ప్లేటుకి రెండువైపులా ప్యాకింగులు, గాలి లాగడానికి ఇంకో రెండు చోట్లు.

తప్పనిసరిగా మార్చాల్సి వస్తే అదే నంబరున్న పాత అసలు బాడీ వెతకండి, గీతలున్నా పరవాలేదు. 32 అన్నది అడుగున బటర్‌ఫ్లై ఉన్నచోటి కొలత మాత్రమే, లోపలి వెంచురీ (గాలి దారి ఇరుకయ్యే చోటు) నంబరు వేరే ఉంటుంది, అదీ కలవాలి. పెద్ద వెంచురీ వేస్తే పికప్ వస్తుందని ఎవరన్నా చెబితే నమ్మకండి, గాలి వేగం తగ్గి టౌన్‌లో లాగుడు పోతుంది.

ఇప్పటి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలు సంగతి కూడా చూసుకోవాలి. పాత రబ్బరు పైపులు, ఏసీ పంపు (ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపు) డయాఫ్రం ఇథనాల్‌కి ఉబ్బిపోతాయి, వాటిని ఈ పనితోపాటే మార్చించండి. ఇథనాల్ కలిస్తే మిశ్రమం పలచబడుతుంది, అంటే పెట్రోలుకి గాలి ఎక్కువైపోతుంది. కిలో మామూలు పెట్రోలుకి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. అన్నీ సరిచేశాక కూడా ప్లగ్గు తెల్లగా కనిపిస్తుంటే మెయిన్ జెట్ ఒక మెట్టు పెంచండి, 120 ఉంటే 125. ఇటుకరంగులో ఉంటే ముట్టుకోవద్దు.

మీ కార్బొరేటర్ మీద, జెట్ల మీద ఉన్న నంబర్లు చూసి ఇక్కడ రాయండి. ఈలోగా పాత బాడీ మాత్రం మెకానిక్ దగ్గర వదిలిపెట్టకుండా ఇంటికి తెచ్చుకోండి.