కారు ఈసీయూని ఇంట్లోనే విప్పి మళ్లీ బిగించుకోవచ్చా?

అమలాపురం దగ్గర వరద నీళ్లలో నిలిచిన కారు ఈసీయూని (ఇంజన్‌ని అదుపు చేసే కంప్యూటర్ డబ్బాని) ఇంట్లోనే తీసి, ఆరబెట్టి బిగించవచ్చా అని అడిగారు. బిగించవచ్చు. కానీ తడి ఉందన్న అనుమానం ఉంటే, స్టార్ట్ అవుతుందేమోనని దయచేసి తాళం తిప్పి చూడకండి. వట్టి నీళ్ల కన్నా, తడి బోర్డులో పారే కరెంటు చేసే నష్టమే ఎక్కువ.

తాళంచెవి బయటికి తీసి, కాసేపు ఆగి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. ఈసీయూ కొన్ని మోడళ్లలో బ్యాటరీ పక్కన, కొన్నింటిలో డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది. విప్పేముందు ఫొటో తీసుకోండి. ఈసీయూకి వైర్లు కలిపే కనెక్టర్లలో చాలావాటికి లివర్ లాక్ (మీటతో పడే లాక్) ఉంటుంది. దాన్ని పూర్తిగా తిప్పితే కనెక్టర్ దానంతటదే వదులుతుంది. వైర్లు పట్టుకుని మాత్రం లాగకండి, పిన్నులు వంగితే పెద్ద తలనొప్పి.

పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందేమో మంచి వెలుతురులో చూడండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి వరద లేకపోయినా పట్టవచ్చు. గీకకుండా కాంటాక్ట్ క్లీనర్ (పిన్నులు శుభ్రం చేసే స్ప్రే) కొట్టి, పూర్తిగా ఆరనివ్వండి. సీల్ చేసిన డబ్బా లోపలికే నీళ్లు పోతే మీరు తెరవకండి, ఈసీయూ రిపేరు తెలిసినవాళ్లకు ఇవ్వండి.

బిగించాక నెగటివ్ వైరు అన్నిటికన్నా చివర్లో. మొదట్లో ఐడిలింగ్ (బండి కదలకుండా ఇంజన్ తిరగడం) కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే టెన్షన్ పడకండి, సాధారణంగా కొంతసేపు నడిపితే సర్దుకుంటుంది. పాత సామాను కొట్లో ఇంకో కారు ఈసీయూ కొని పెడదామంటే, ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవిని గుర్తిస్తేనే ఇంజన్‌ని స్టార్ట్ కానిచ్చే ఏర్పాటు) ఉన్న బండి చాలావరకు స్టార్టే కాదు. మెకానిక్ స్కానర్‌తో తాళంచెవిని ఆ ఈసీయూకి జత చేయించాల్సిందే.